ఖాళీ కొట్టానికి కొత్త పని

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు మూడూ వేరువేరు జిల్లాలు. అయినా ఏ పల్లెకు వెళ్లినా ఒక దృశ్యం మాత్రం ఒకేలా ఉంటుంది. ఇంటి పక్కనో, చేను గట్టునో ఒక పాత పశువుల కొట్టం కనబడుతుంది. ట్రాక్టర్లు వచ్చాక చాలా ఇళ్లలో ఎడ్లు పోయాయి, కొట్టం మిగిలింది. విరిగిన గుంటుక, చిరిగిన టార్పాలిన్, యూరియా సంచి, నిరుటి విత్తనాల మూట, సగం వాడిన పురుగుమందు సీసాలు అన్నీ అందులోనే చేరతాయి. వాటి పక్కనే పిల్లవాడి సైకిలు ఆనించి ఉంటుంది.

ఈ కొట్టాన్ని కొద్దిపాటి ఖర్చుతో, ఇంటిల్లిపాదీ చెయ్యి వేసి బాగుచేసుకోవచ్చు. ఒక భాగం పంట దాచుకోవడానికి, మరొక భాగం తీరిక వేళ చేతి పనులకు ఉపయోగపడుతుంది. అయితే రేకులు మార్చి, సున్నం వేసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఏ వస్తువు దేని పక్కన ఉండకూడదో తేల్చుకోవడమే ఇందులో అసలు పని.

ముందు నేల సంగతి

ఏళ్ల తరబడి పశువుల మూత్రం, పేడ ఇంకిన నేలలో ఉప్పు పేరుకొని ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గోడల అడుగున తెల్లగా పూసేది కూడా ఈ ఉప్పే. అలాంటి నేల మీద బస్తాలు పెడితే అడుగు బస్తాకు చెమ్మ ఎక్కి బూజు పడుతుంది. కాబట్టి పై మట్టిని ఒక అడుగు లోతు తవ్వి తీసెయ్యాలి. ఆ మట్టి వృథా కాదు, చేనుకు మంచి ఎరువు. గుంతను మొరంతో నింపి, గట్టిగా దిమ్మిస కొట్టి, మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచి, దాని మీద కాంక్రీటు గాని బండలు గాని వేసుకోవాలి.

ఈ మట్టి తవ్వేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పశువుల కొట్టం మట్టిలో ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవులు ఉంటాయి. కాళ్లకు చెప్పులో బూట్లో లేకుండా దిగకూడదు. తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటే చిన్న గాయమే కదా అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా సంగతి అడగాలి.

నేల ఎత్తు ఎంత ఉండాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి నీట మునిగింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో వరదకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. వాగు దగ్గరి ఊళ్లలో ఇంతకుముందు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో పెద్దలను అడిగి, అంతకు పైన అరుగు కట్టుకోవాలి. జనగామ వైపు మెట్ట ఊళ్లలో ఎండ బాధ ఎక్కువ. అక్కడ వేసవికి ముందు కప్పు మీద తెల్ల సున్నం వేస్తే లోపల వేడి తగ్గుతుంది.

పాత సిమెంటు రేకుల విషయంలో కూడా జాగ్రత్త పడాలి. వాటిలో రాతినార ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు కోసినా, రంధ్రం చేసినా లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం. పగిలిన రేకును నీళ్లతో తడిపి, ముక్కలు చేయకుండా దించాలి. ఆ సమయంలో పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు.

గింజలకు ఒక గది

కోసిన వెంటనే అమ్మితే ధర రాదని అందరికీ తెలుసు. దాచే చోటు లేకనే చాలామంది తొందరపడి అమ్ముతారు. అయితే ఎండని గింజను ఎంత మంచి గదిలో పెట్టినా నిలవదు. కొనుగోలు కేంద్రంలో వడ్లకు 17 శాతం వరకు తేమను ఒప్పుకుంటారు గాని, నెలల తరబడి నిల్వ చేయాలంటే 14 శాతానికి మించకూడదు. విత్తనానికైతే ఇంకా తక్కువ, 12 లేక 13 శాతం ఉండాలి. పత్తికి పూర్తి మద్దతు ధర రావాలంటే తేమ 8 శాతానికి మించకూడదు. 12 దాటితే కొనరు.

బస్తాలను నేల మీద గాక చెక్కల మీద పేర్చాలి. గోడకు, బస్తాలకు మధ్య మనిషి తిరిగేంత సందు వదలాలి. చిట్టెలుకకు పావు అంగుళం సందు చాలు. అందుచేత తలుపు అడుగున రేకు కొట్టించాలి, కిటికీకి సన్నని ఇనుప జాలీ బిగించాలి. పత్తి ఉన్న గదిలో పొయ్యి, బీడీ, డీజిలు డబ్బా, అతుకుల కరెంటు తీగ ఉండకూడదు. స్విచ్చు గది బయట ఉండటం మేలు.

పురుగు పట్టకుండా కొందరు బస్తాల మధ్య అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు పెడతారు. తేమ తగలగానే వాటి నుండి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. మనుషులు కూర్చునే, పడుకునే గదికి ఆనుకొని ఉన్న కొట్టంలో వీటిని వాడటం ప్రాణాలతో చెలగాటమే. శిక్షణ పొందినవారు తప్ప వాటిని ముట్టుకోకూడదు. ఇంటి అవసరానికి బాగా ఎండబెట్టడం, గాలి చొరని డబ్బా వాడటం చాలు.

మందులకు వేరే చోటు

కొట్టాన్ని రెండు గదులు చేసినా, పురుగుమందులకు ఆ రెండింటిలోనూ చోటు లేదు. ఇంటికి, బావికి దూరంగా, తాళం వేసే పెట్టె ఒకటి వేరుగా ఉండాలి. మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టకూడదు, ఖాళీ డబ్బాలో నీళ్లు గాని నూనె గాని పట్టకూడదు. ఆ పంటకు ఎంత కావాలో అంతే కొని, మిగల్చకుండా వాడుకోవడం అన్నిటికంటే మంచిది.

చిన్నపిల్లల కోసమే ఈ మాట చెప్పడం లేదు. అప్పుల దిగులులోనో, ఇంట్లో మాటా మాటా పెరిగిన కోపంలోనో ఉన్న మనిషికి మందు చేతికందే దూరంలో ఉండకూడదు. ఆ ఘడియ గడిస్తే మనసు మారుతుంది. కాని తాగిన మందు ఆ అవకాశం ఇవ్వదు. ఎవరైనా అలా దిగులుగా ఉంటే వారితో కూర్చొని మాట్లాడండి. తాళం చెవి మరొకరి దగ్గర ఉంచండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు ఉచితంగా మాట్లాడతారు. పొరపాటున గాని మరే విధంగా గాని మందు లోపలికి పోతే బలవంతంగా వాంతి చేయించవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, మందు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

చేతి పనికి ఒక గది

మిగిలిన భాగం ఇంటివారందరిది. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తీర్చే కళాకారుల పని భౌగోళిక గుర్తింపు పొందింది. అలాంటి నైపుణ్యం కూడా సుత్తి దెబ్బ ఎంత బరువుగా వేయాలో చేతికి అలవాటు కావడంతోనే మొదలవుతుంది. మన పిల్లలకు ఆ అలవాటు చేసుకునే చోటు ఇంట్లో దొరకదు.

దీనికి పెద్ద సామాను అక్కరలేదు. వెలుతురు వచ్చే కిటికీ కింద ఒక గట్టి బల్ల వేయండి. గోడకు పలక కొట్టి రంపం, సుత్తి, పటకారు, బాడిస తగిలించండి. ఒక్కొక్క పనిముట్టు ఆకారాన్ని పలక మీద గీసి పెడితే, ఏది తిరిగి రాలేదో చూడగానే తెలుస్తుంది. అమ్మ కుట్టుమిషను, నాయనమ్మ పాత పెట్టె, సంఘం హార్మోనియం కూడా అక్కడే ఉండవచ్చు. నవంబరు వచ్చిందంటే యౌవనస్థులు వెదురు బద్దలు, రంగు కాగితాలతో క్రిస్మస్ నక్షత్రాలు కట్టుకోవడానికి అదే తగిన చోటు. ఇక్కడ అల్లుడు, కోడలు, పిల్లలు అనే తేడా లేకుండా ఎవరైనా చెయ్యి పెట్టి నేర్చుకోవాలి. పని నేర్పే నెపంతో తాత, మనుమడు ఒక గంట కలిసి కూర్చుంటారు.

అన్నీ ఒకేసారి చేయాలని కూర్చుంటే మొదలే కాదు. ఈ శనివారం కొట్టంలోని సామాను అంతా బయట ఎండలో పెట్టండి. తినేవి, పనికి వచ్చేవి, ప్రాణం తీసేవి అని మూడు కుప్పలుగా విడదీయండి. మూడో కుప్పను ఆ సాయంత్రమే మళ్లీ కొట్టంలోకి చేరనివ్వకపోతే, ఇటుక ఒక్కటి కదలకముందే సగం మేలు జరిగినట్టే.