ఫ్లింట్: ఊరి మాట విన్న ప్రజారోగ్య విభాగం

డెట్రాయిట్ నుంచి ఐ-75 రహదారి మీద ఉత్తరానికి దాదాపు 70 మైళ్లు వెళితే ఫ్లింట్ వస్తుంది. నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు అది సుమారు గంట ప్రయాణం. మిషిగన్‌లో మనవాళ్లు ఇంతమంది స్థిరపడడానికి కార్ల పరిశ్రమ ఒక పెద్ద కారణం. ఆ పరిశ్రమ పుట్టి పెరిగిన ఊళ్లలో ఫ్లింట్ ఒకటి. 1908లో జనరల్ మోటార్స్ కంపెనీ మొదలైంది అక్కడే. 1936-37 చలికాలంలో కార్మికులు ఫ్యాక్టరీల లోపలే బైఠాయించి, అమెరికా కార్మిక సంఘాల చరిత్రను మలుపు తిప్పిందీ అక్కడే. 1960లో దాదాపు రెండు లక్షల జనాభా ఉన్న ఆ ఊళ్లో 2020 జనగణన నాటికి మిగిలింది 81 వేల మంది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఉద్యోగాలు పోయాయి, వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోయారు. ఉండిపోయినవారిలో సగానికి పైగా నల్లజాతివారు, చాలామంది పేదలు.

ఈ ఊరి నడిబొడ్డున, ఒకప్పుడు ఫ్లింట్ జర్నల్ పత్రిక నడిచిన భవనంలో, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వైద్య కళాశాలకు చెందిన ప్రజారోగ్య విభాగం ఉంది. విశ్వవిద్యాలయం ప్రధాన ప్రాంగణం ఈస్ట్ లాన్సింగ్‌లో ఉంటే, ప్రజారోగ్యం చదువు, పరిశోధన మాత్రం ఫ్లింట్‌లో వేళ్లూనుకున్నాయి. దాతల సొమ్ము, పరిశోధకుల చదువు, ఊరివాళ్ల అనుభవం మూడూ ఒకచోట కలిస్తే ఏం సాధించవచ్చో తెలుసుకోవాలంటే ఈ విభాగం కథ తెలుసుకోవాలి. సేవా కార్యక్రమాలకు ఏటా డాలర్లు పోగుచేసే తెలుగు సంఘాలకు ఈ కథలో పనికొచ్చేది చాలా ఉంది.

నీళ్ల కథతో మొదలుపెడదాం.

ఫ్లింట్ అప్పుల్లో కూరుకుపోవడంతో 2011 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఊరికి ఎమర్జెన్సీ మేనేజర్‌ను నియమించింది. ఎన్నికైన మేయరు, కౌన్సిల్ చేతుల్లోని నిర్ణయాధికారం ఆయనకు వెళ్లిపోయింది. 2014 ఏప్రిల్ 25న ఖర్చు తగ్గించుకోవడానికి డెట్రాయిట్ సరఫరా చేసే హ్యూరన్ సరస్సు నీటిని ఆపేసి, ఫ్లింట్ నది నీటిని కుళాయిల్లోకి వదిలారు. నది నీటికి గొట్టాలను తినేసే గుణం ఎక్కువ. సీసపు గొట్టాలున్న పాత ఊళ్లలో నీటిలో ఫాస్ఫేట్ కలుపుతారు. అది గొట్టం లోపల పల్చని పొరలా పేరుకుని, సీసం నీటిలో కరగకుండా అడ్డుపడుతుంది. ఫ్లింట్‌లో ఆ మందు కలపలేదు. కొద్ది నెలల్లోనే పొర ఊడిపోయింది, సీసం ఇళ్లలోకి చేరింది.

నీళ్లు రంగు మారాయని, వాసన వేస్తున్నాయని, ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నాయని జనం సీసాల్లో నీళ్లు పట్టుకుని సభలకు వచ్చి చూపించారు. అధికారులు నీరు సురక్షితమనే చెబుతూ వచ్చారు. 2014 అక్టోబరులో జనరల్ మోటార్స్ ఈ నీటితో ఇంజన్ భాగాలు తుప్పు పడుతున్నాయని తన ఫ్యాక్టరీకి వేరే నీళ్లు తెచ్చుకుంది. ఊళ్లో పిల్లలు మాత్రం మరో ఏడాది పాటు ఆ నీళ్లే తాగారు. లీఆన్ వాల్టర్స్ అనే గృహిణి పట్టుబట్టి 2015 ఆరంభంలో తన ఇంటి కుళాయి నీటిని పరీక్ష చేయిస్తే వంద కోట్ల భాగాల్లో 104 భాగాల సీసం తేలింది. కేంద్ర పర్యావరణ సంస్థ చర్య తీసుకోవలసిన స్థాయిగా పెట్టుకున్నది 15. ఆమె పిలుపు అందుకుని వర్జీనియా టెక్ ప్రొఫెసర్ మార్క్ ఎడ్వర్డ్స్ బృందం వచ్చింది. నమూనాలు సేకరించే పనిలో ఊరివాళ్లే ముందు నిలబడి ఇల్లిల్లూ తిరిగారు.

2015 వేసవిలో హర్లీ ఆసుపత్రి పిల్లల డాక్టరు మోనా హన్నా-అటీషాకు నీటి ఇంజనీరైన పాత స్నేహితురాలి ద్వారా ఈ సంగతి చెవిన పడింది. మోనా తల్లిదండ్రులు ఇరాక్ నుంచి వలస వచ్చినవారు. ఆమె ఇంగ్లండ్‌లో పుట్టి, మిషిగన్‌లో పెరిగింది. వైద్యంతో పాటు ప్రజారోగ్యంలోనూ పట్టా పుచ్చుకుంది. ఒక్కొక్క బిడ్డనూ పరీక్షించే డాక్టరుకు కనిపించని సంగతి, వేలమంది పిల్లల రక్తపరీక్షల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే బయటపడుతుంది. ఆమె చేసింది అదే. నీరు మారాక, రక్తంలో సీసం ఎక్కువగా ఉన్న ఐదేళ్లలోపు పిల్లల వాటా 2.4 శాతం నుంచి 4.9 శాతానికి, అంటే రెట్టింపు అయింది. నీటిలో సీసం ఎక్కువగా దొరికిన పేటల్లో 4 శాతం నుంచి 10.6 శాతానికి పెరిగింది. 2015 సెప్టెంబరు 24న ఆమె ఈ లెక్కలతో పత్రికల ముందుకు వచ్చింది. రాష్ట్ర అధికారులు మొదట కొట్టిపారేశారు, కొద్దిరోజుల్లోనే ఒప్పుకోక తప్పలేదు. అక్టోబరు 16న ఫ్లింట్ మళ్లీ డెట్రాయిట్ నీటికి మారింది.

సీసంతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఇంత వరకైతే పిల్లలకు ఫరవాలేదు అనదగిన హద్దే లేదు. శరీరం దాన్ని కాల్షియం అనుకుని లోపలికి తీసుకుంటుంది. ఎదుగుతున్న మెదడు మీద దాని దెబ్బ పడుతుంది, చదువు మీదా నడవడిక మీదా ఏళ్ల తరబడి నీడ పడుతుంది. నీళ్లు కాచితే సీసం పోదు సరికదా, ఆవిరైన నీటి మేరకు మరింత చిక్కబడుతుంది. కుళాయి నీళ్లలో పాలపొడి కలిపి పట్టిన పసిపిల్లల ఒంట్లోకే ఎక్కువ చేరింది. పడ్డ దెబ్బను తుడిచేసే మందు లేదు. చేయగలిగినదల్లా మంచి తిండి, ముందుగానే మొదలయ్యే చదువు, ఇంట్లో నిశ్చింత, ఏళ్ల తరబడి వదలని వైద్యుల కన్ను.

ఆరోగ్యంలో సమానత్వం అంటే ఏమిటో ఇక్కడ తేటగా కనబడుతుంది. ఒకే రాష్ట్రంలో, ఒకే తరగతి చదివే ఇద్దరు పిల్లల్లో ఒకరు మాత్రమే విషం తాగుతూ పెరిగితే, ఇద్దరికీ సమానంగా పంచడం న్యాయం కాదు. ఎక్కువ పోగొట్టుకున్న బిడ్డకు ఎక్కువ అందాలి.

ఇక దానం సంగతి. 2016 జనవరిలో గ్రేటర్ ఫ్లింట్ కమ్యూనిటీ ఫౌండేషన్ పిల్లల ఆరోగ్యం, ఎదుగుదల కోసం ప్రత్యేక నిధి తెరిచింది. ఇంకోవైపు, హర్లీ పిల్లల క్లినిక్ అంతకుముందే, 2015 ఆగస్టులో, ఊరి రైతుబజారు పై అంతస్తులోకి మారింది. డాక్టరు ఆకుకూరలు, పళ్లు తినిపించమని నోటి మాటతో సరిపెట్టకుండా, 15 డాలర్ల చీటీ చేతికిస్తారు. తల్లి మెట్లు దిగి ఆ చీటీతో కూరగాయలు కొనుక్కోవచ్చు. ఇనుము, కాల్షియం, విటమిన్-సి ఉన్న ఆహారం ఒంట్లోకి సీసం చేరడాన్ని తగ్గిస్తుంది. కిరాణా దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడిన ఊళ్లో ఆ చీటీ విలువ తక్కువేమీ కాదు.

ప్రజారోగ్య విభాగానికి పేరిచ్చిన చార్లెస్ స్టూవర్ట్ మాట్ కార్లకు ఇరుసులు తయారుచేసే కంపెనీని న్యూయార్క్ రాష్ట్రం నుంచి ఫ్లింట్‌కు తరలించి, జనరల్ మోటార్స్ వాటాలతో సంపన్నుడైనవాడు. మూడుసార్లు ఆ ఊరి మేయరు. 1926లో ఆయన పెట్టిన ఫౌండేషన్ నేటికీ ఫ్లింట్ నుంచే పనిచేస్తోంది. ఈ ప్రజారోగ్య కార్యక్రమాన్ని ఫ్లింట్‌కు తెచ్చేటప్పుడు ఆ ఫౌండేషన్, విశ్వవిద్యాలయం కలిసి ఒక మంచి పద్ధతి పాటించాయి. ఏ జబ్బుల మీద, ఏ సమస్యల మీద పరిశోధన జరగాలో ముందుగా ఊరివాళ్లను అడిగాయి. పరిశోధకుల ఎంపికలోనూ వాళ్లకు చోటిచ్చాయి. 2021 చివర్లో ఫౌండేషన్ ఈ కార్యక్రమాన్ని పెంచడానికి మరో 2.5 కోట్ల డాలర్లు ప్రకటించింది.

ఊరివాళ్లకు చోటివ్వడం ఒకరు దయతలిచి ఇచ్చింది కాదు. సర్వేల పేరుతో వచ్చి, ప్రశ్నలడిగి, పేపర్లు అచ్చువేసుకుని మళ్లీ కనబడని పరిశోధకులను ఫ్లింట్ చాలాకాలంగా చూస్తూనే ఉంది. అందుకే అక్కడి స్థానిక సంఘాలు కమ్యూనిటీ బేస్డ్ ఆర్గనైజేషన్ పార్ట్‌నర్స్ పేరుతో ఒక్కటై, తమ ఊళ్లో జరిగే పరిశోధనల మంచిచెడ్డలు చూసేందుకు సొంత నైతిక సమీక్షా మండలిని పెట్టుకున్నాయి. 2016లో ఆ సంఘాలు, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ, యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ ఆన్ ఆర్బర్, ఫ్లింట్ ప్రాంగణాలు కలిసి ఒక పరిశోధనా సమన్వయ కేంద్రం ఏర్పాటు చేసుకున్నాయి. సీసం బారిన పడ్డవారి పేర్లు నమోదు చేసి, వారికి అవసరమైన సేవలతో కలిపే ఫ్లింట్ రిజిస్ట్రీని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిపిస్తోంది.

వీటన్నిటి కొనసాగింపుగా 2024 జనవరిలో మొదలైంది ఆర్‌ఎక్స్ కిడ్స్. ఫ్లింట్‌లో గర్భవతి అయిన ప్రతి తల్లికీ కాన్పుకు ముందు 1,500 డాలర్లు, బిడ్డ పుట్టాక ఏడాది పాటు నెలనెలా 500 డాలర్లు చేతికిస్తారు. ఆదాయ ధ్రువపత్రాలు అడగరు, ఖర్చుకు లెక్క చెప్పమనరు. ఊరి నివాసి అయితే చాలు. డాక్టర్ మోనా, యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో పేదరికం మీద పరిశోధన చేసే ల్యూక్ షేఫర్ కలిసి దీన్ని నడుపుతున్నారు. మాట్ ఫౌండేషన్ 1.5 కోట్ల డాలర్లతో ముందడుగు వేసింది. పేద కుటుంబాలకు ఉద్దేశించిన ప్రభుత్వ నిధులూ తోడయ్యాయి. బిడ్డ పుట్టే నెలల్లో తల్లి పని మానుకోవలసి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది, రాబడి తగ్గుతుంది. సరిగ్గా మెదడు అన్నిటికంటే వేగంగా ఎదిగే కాలంలోనే ఇల్లు ఇబ్బందుల్లో పడుతుంది. ఆ ఇబ్బందికే మందుచీటీ రాశారు ఈ డాక్టర్లు. తర్వాత కలమజూ, పాంటియాక్ వంటి ఊళ్లకూ ఈ పథకం వ్యాపించింది. తెలుగువారికి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లికి విడతలవారీగా 12 వేల రూపాయలు, ఆడపిల్ల పుడితే 13 వేలు ఇచ్చింది.

నీళ్ల విషయంలోనూ ఫ్లింట్ బాధ మనకు తెలియనిది కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎముకలను వంచేస్తుందని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి 1937లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది. అయినా ఆ జిల్లా జనానికి మంచినీళ్ల కోసం దశాబ్దాల పోరాటం తప్పలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి నిలబడి తమ గోడు దేశానికి వినిపించారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల మధ్య పల్లెలను కిడ్నీ జబ్బు ఖాళీ చేస్తోంది. అక్కడా ముందు గుర్తుపట్టింది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లే.

దానంతో సంస్థ నిలబెట్టిన అనుభవమూ మనకుంది. అమెరికాలో పనిచేసి తిరిగివెళ్లిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో కంటి ఆసుపత్రి పెట్టినప్పుడు, సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. ఆ సంస్థ నగరంలో ఆగిపోలేదు. ఊళ్లలో చూపు పోవడానికి కారణాలేమిటో 1996 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సర్వే చేసింది. అదే ఏడాది అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో తొలి గ్రామీణ కంటి కేంద్రం తెరిచింది. తర్వాత పల్లెపల్లెకూ దృష్టి కేంద్రాలు వెళ్లాయి. ముందు లెక్క తీసి, లెక్క చూపించిన చోటికి డాక్టరును పంపడమే ప్రజారోగ్యం చేసే పని.

మన సంఘాలు సొంతూళ్లలో జరిపే వైద్య శిబిరాలు మంచివే, వాటి వల్ల చూపు దక్కినవారు, ప్రాణం నిలిచినవారు ఉన్నారు. కానీ ఒక్కరోజు శిబిరంలో బీపీ ఉందని తేలిన మనిషి నెల తర్వాత మాత్ర వేసుకుంటున్నాడా లేదా చూసేవారుండాలి. శిబిరానికి పెట్టే ఖర్చులో కొంత ఆ ఊరి ఆశా కార్యకర్తతో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో కలిసి మూడేళ్లు నడిపే పనికి కేటాయిస్తే ఫలితం నిలుస్తుంది. ఏం కావాలో దాత నిర్ణయించే ముందు ఊరి ఆడవాళ్లను కూర్చోబెట్టి అడగాలి. ఎంత ఖర్చయిందో, ఎంతమందికి మేలు జరిగిందో ఏటా ఆ ఊళ్లోనే అందరికీ చదివి వినిపించాలి.

ఇరుగుపొరుగు కూడా మన బాధ్యతే. ఫ్లింట్‌లో దాదాపు 11 వేల సీసపు గొట్టాలు మార్చే పని పూర్తయిందని 2025 జులైలో రాష్ట్రం కోర్టుకు తెలియజేసింది. విషపు నీటి కేసుల్లో కుదిరిన 62.6 కోట్ల డాలర్ల పరిహారంలో దాదాపు 80 శాతం అప్పటి పిల్లలకు కేటాయించారు. 2014లో పసివాళ్లుగా ఉన్నవారు ఇప్పుడు హైస్కూలు వయసుకు వస్తున్నారు. వాళ్లకు లెక్కలు చెప్పేవారు, కాలేజీ దరఖాస్తులు నింపించేవారు కావాలి. ఇంజనీర్లు, డాక్టర్లు ఇంటింటా ఉన్న తెలుగు సమాజం నెలకొక శనివారం చేయగలిగిన పని ఇది. ఉద్యోగుల విరాళానికి సమానంగా కంపెనీలు ఇచ్చే సొమ్ము చాలామంది అడగకుండానే వదిలేస్తున్నారు, దాన్నీ వాడుకోవచ్చు. వైద్యం, కంప్యూటర్లు తప్ప మరో దారి లేదనుకునే మన పిల్లలకు ప్రజారోగ్యం అనే చదువు ఉందని చెప్పవచ్చు.

సంఘాల కార్యవర్గాలకు ఒక మనవి. వచ్చే ఏడాది బడ్జెట్ రాసేటప్పుడు సొంతూరి ఆరోగ్యానికి మూడేళ్ల పద్దు ఒకటి, మీరుంటున్న ఊరి పక్కనున్న ఫ్లింట్ లాంటి ఊరికి ఇంకొకటి చేర్చండి. ఆ రెండు పద్దులూ ఎలా ఖర్చు కావాలో తేల్చే సమావేశానికి అక్కడివాళ్లను పిలవండి.