దారాలు తెంపడానికా మా పిల్లని పంపింది?

"ఇంటి దగ్గర పూలు కట్టుకున్నా నాలుగు డబ్బులొస్తాయమ్మా. పని నేర్పుతారని పంపాను. రెండు నెలల్నించీ మా పిల్ల దారాలే తెంపుతోంది!"

2025 జూన్‌లో, బడులు తెరిచే వారం, మా కుట్టు యూనిట్ గుమ్మంలో నిలబడి ఒకావిడ నన్నడిగిన మాట ఇది. గట్టిగా కూడా అనలేదు. లోపల మిషన్ల మోతలో ఆ మాట ఎవరికీ వినపడలేదు, నాకు తప్ప.

మాది తెనాలి. స్కూలు యూనిఫారాలు కుడతాం. కటింగ్ మాస్టరు, మిషన్ల మీద వాళ్ళు, చెకింగు, ఇస్త్రీ అంతా కలిపి ఇరవై రెండు మందిమి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాఫీ తాగడానిక్కూడా తీరిక ఉండదు. దసరా దాటితే ఈగలు తోలుకోవడమే.

ఆ ఏప్రిల్‌లోనే పదో తరగతి పాసైన ఇద్దరమ్మాయిల్ని అప్రెంటిస్‌లుగా చేర్చుకున్నాను. ఎందుకు చేర్చుకున్నానంటే... దాపరికం ఎందుకు, గవర్నమెంటు డబ్బిస్తుందని!

మనలో చాలామందికి అప్రెంటిస్ అంటే రైల్వేలోనో, పెద్ద ఫ్యాక్టరీలోనో ఐటిఐ కుర్రాళ్ళు చేసేదనే తెలుసు. చట్టం పాతదే, 1961 నాటిది. ముప్పై మందీ అంతకు మించీ పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది దాకా ఉన్న మాలాంటి చిన్నవాళ్ళది మా ఇష్టం. 2016లో కేంద్రం ఒక పథకం పెట్టింది. అప్రెంటిస్‌కిచ్చే స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకి 1,500 రూపాయలు మించకుండా, తానే భరిస్తుంది. 2019 నిబంధనల్లో పదో తరగతి పాసైనవాళ్ళకి కనీస స్టైపెండ్ 6,000. అంటే నేనిచ్చేది 4,500, మిగతాది ప్రభుత్వానిది. 2023 ఆగస్టు నుంచి ఆ ప్రభుత్వ వాటా నేరుగా పిల్లల బ్యాంకు ఖాతాకే వెళుతోంది. పైగా అప్రెంటిస్‌లకి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు.

సీజన్లో నాలుగున్నర వేలకి మనిషి! ఇంకేం కావాలి? ఈ లెక్క నేనొక్కదాన్నే వేశాననుకోకండి.

ఆవిడ వెళ్ళిపోయిన రాత్రి ఒప్పంద పత్రం తీశాను. సంతకం పెట్టానే గాని అంతకు ముందు సరిగా చదవలేదు. చదివి, మా ఆడిటరుగారికి ఫోన్ చేసి చట్టంలో ఏముందో అడిగాను. అప్రెంటిస్ నేర్చుకునే మనిషేగాని పనిమనిషి కాదట. పీసు రేటు మీద డబ్బివ్వకూడదట. ఎక్కువ కుడితే బోనస్ అని ఆశ పెట్టకూడదట. పని చేస్తూ దెబ్బ తగిలితే నష్టపరిహారం నాదే. ఒప్పుకున్నట్టు నేర్పకపోవడం వల్ల ఒప్పందం తెగిపోతే దానికీ పరిహారం నేనే కట్టుకోవాలి.

మా ఒప్పందం ఆరు నెలలు. అందులో రెండున్నర నెలలు నేనే తినేశాను.

పీసు రేటు ఎందుకు వద్దన్నారో మా కటింగ్ మాస్టరుకి అర్థం కాలేదు. "మనవాళ్ళందరికీ పీసు లెక్కే కదమ్మా. వీళ్ళకి మాత్రం ఊరికే ఎందుకివ్వాలి?" అన్నాడు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ చూడండి, కుట్టు నేర్చుకునే పిల్ల ఒక కుట్టు వేస్తుంది, విప్పుతుంది, మళ్ళీ వేస్తుంది. పీసుకింత అని కడితే ఎవరు విప్పుతారు? వంకరగా ఉన్నా అలాగే పక్కన పడేస్తారు.

జూన్ చివర్లో మిషనెక్కించాను. మొదట దారం లేకుండా గీతల కాగితం మీద. గీత మీదే సూది పడాలి. కాలు తొక్కితే మోటారు మిషను పులిలా దూకుతుంది. దాన్ని అదుపులో పెట్టేసరికే వారం పట్టింది. తర్వాత బాబిన్ చుట్టడం, సూది మార్చడం, దారం బిగువు చూసుకోవడం, చిరుగు గుడ్డల మీద నేరు కుట్టు. ఆ తర్వాతే కాలర్లు, పట్టీలు. ఓవర్‌లాక్ చివరాఖరికి.

నేర్పింది మా దగ్గర పాతికేళ్ళుగా కుడుతున్న పెద్దావిడ. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆవిడది పీసు రేటు. రోజుకి రెండు గంటలు పిల్లల పక్కన కూచుంటే ఆవిడ సంపాదన పోతుంది. "నేర్పుతాను గాని నా బండిల్ ఎవరు కుడతారు?" అంది. అడిగిందాంట్లో తప్పేముంది? ఆ రెండు గంటలకీ విడిగా కట్టిచ్చాను. దానికి తోడు ఒకరోజు నలభై స్కర్టులకి కుచ్చిళ్ళు తిరగబడ్డాయి. బట్టంతా విప్పి మళ్ళీ కుట్టించాం. శిక్షణ ఖర్చంటే స్టైపెండే అనుకునేదాన్ని. స్టైపెండ్ అందులో చిన్నది! నేర్పేవాళ్ళ టైముకీ, పాడైన గుడ్డకీ మాకు వచ్చిందేమీ లేదు. ఈ పథకాల్ని చూసి దూకే చిన్న యజమానులు ఈ లెక్క ముందే వేసుకోవాలి. వేసుకోనివాళ్ళే పిల్లల చేతికి కత్తెరిచ్చి మూల కూచోబెడతారు. నేను చేసిందీ అదే.

అన్నట్టు, ఇద్దరిలో చిన్నపిల్లకి తన పేర బ్యాంకు ఖాతానే లేదు. ఆధార్ జతచేసి తెరిపించాం. మొదటి 1,500 పడ్డ రోజు ఫోన్ పట్టుకుని మిషన్ మిషన్‌కీ తిరిగి అందరికీ ఆ మెసేజ్ చూపించింది.

అక్టోబరుకి ఆరు నెలలూ అయ్యాయి. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చితీరాలని చట్టంలో లేదు. ఒప్పందంలో రాసుకుంటేనే. మీ అమ్మాయిని ఎక్కడైనా చేర్చేముందు ఈ సంగతి అడగండి. ఒప్పంద పత్రం ప్రతి తీసుకోండి. ఏ నెలలో ఏ పని నేర్పుతారు, నేర్పే మనిషెవరు, చివర పరీక్షా సర్టిఫికెట్టూ ఉన్నాయా అనీ అడగండి. మొహమాటం వద్దు. ఆ జూన్‌లో ఆవిడ మొహమాటపడి ఉంటే ఆ ఇద్దరూ ఇప్పటికీ దారాలే తెంపేవాళ్ళు.

పెద్దమ్మాయి సర్టిఫికెట్ తీసుకుని, హాస్టలున్న పెద్ద గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. ఇంత చేస్తే వెళ్ళిపోతుందా అని రెండు రోజులు మొహం మాడ్చుకున్నాను. అక్కడ జీతం ఎక్కువ. ఎందుకుంటుంది మరి?

చిన్నపిల్ల ఉండిపోయింది. నవంబరు నుంచి నెల జీతం, పీఎఫ్. ఇక్కడ ఇంకో పథకం ఉంది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 లోపు మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్ళకి ఒక నెల పీఎఫ్ జీతం, 15,000 మించకుండా, రెండు విడతలుగా ఇస్తారు. ఆరు నెలలు పనిలో ఉన్నాక మొదటిది, ఏడాది నిండి డబ్బు వ్యవహారాల పాఠాలు పూర్తి చేశాక రెండోది. యజమానికి కూడా నెలకి 3,000 దాకా ఇస్తారు. యాభై మంది లోపున్న మాలాంటివాళ్ళు అదనంగా కనీసం ఇద్దరికి పనిచ్చి ఆరు నెలలు నిలపాలి. నాకు నిలిచింది ఒక్కతే. కాబట్టి ఆ డబ్బు నాకింకా దూరమే. రెండో మనిషి కోసం చూస్తున్నాను.

ఆ మధ్య ఆ తల్లే మళ్ళీ వచ్చింది, పక్కన రెండో కూతురు. "దీన్ని కూడా చేర్చుకోండమ్మా. కానీ ఏప్రిల్‌లో మాత్రం చేర్చను" అంది.

జూలైలో తీసుకురమ్మన్నాను.