కోర్ఫు దీవిలో లారీ కాపురం

తెర మీద చూసిందల్లా నిజమనుకునే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. అయినా 'ది డరెల్స్' సీరియల్ చూస్తున్నంతసేపూ నిజమే అనుకుంటూ చూశాను. ఇంగ్లండులో ఐటివి వాళ్ళు 2016 నుంచి 2019 దాకా నాలుగు సీజన్లుగా ప్రసారం చేసిన సీరియల్ అది. నీలాల సముద్రం, ఆలివ్ తోటలు, ఇంటినిండా తాబేళ్ళూ పిట్టలూ, వాటి మధ్య భర్త పోయిన ఓ తల్లి, ఆమె నలుగురు పిల్లలు! తల్లిగా కీలీ హాస్ ఎంత బాగా చేసిందో చెప్పలేను. పెద్దకొడుకు లారీగా వేసిన కుర్రాడు జోష్ ఓకానర్. తర్వాత 'ది క్రౌన్'లో ప్రిన్స్ ఛార్లెస్‌గా వేసి 2021లో ఎమ్మీ అవార్డు కొట్టేశాడే, అతనే.

లారీ అంటే ఘాట్ రోడ్డు మీద మనకి దారివ్వని లారీ కాదండోయ్. లారెన్స్ డరెల్ అన్న పేరుకి ముద్దుపేరు. 'అలెగ్జాండ్రియా క్వార్టెట్' అనే నాలుగు నవలలతో (1957-60) ప్రపంచాన్ని తనవైపు తిప్పుకున్న రచయిత. సీరియల్లో మాత్రం పాపం అతనికి పెద్ద పనేం లేదు. టైపుమిషను టకటకలాడించడం, తమ్ముళ్ళ మీద విసుక్కోవడం, తాగడం, అమ్మని ఆటపట్టించడం. నవ్వొస్తుంది, కాదనను. కాని ఒక రచయిత ఎలా తయారయ్యాడో తెలుసుకోవాలనుకున్నవాడికి అది చాలదు. కారణం చాలా చిన్నది. అసలు కథలో లారీ ఎక్కువకాలం ఆ ఇంట్లోనే లేడు!

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ లారీ మనగడ్డ మీద పుట్టినవాడు. 1912లో జలంధర్‌లో పుట్టాడు. తండ్రి ఇంజనీరు. తల్లి లూయిసా పుట్టింది రూర్కీలో. చిన్న తమ్ముడు గెరాల్డ్ పుట్టింది జంషెడ్‌పూర్‌లో, 1925లో. లారీ డార్జిలింగ్‌లో చదువుకుంటూ, కొండల్ని చూసుకుంటూ హాయిగా ఉండేవాడు. పదకొండో ఏట చదువుకోసం ఇంగ్లండు పంపించారు. ఆ చలి, ఆ ముసురు, ఆ మర్యాదలు అతనికి ఒక్కరోజు కూడా పడలేదు. 1928లో తండ్రి పోయాడు. తల్లి మిగతా పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంగ్లండు చేరింది. ఆవిడకీ అది పరాయిదేశమే. పుట్టింది, పెరిగింది, పెళ్ళయింది అంతా ఇక్కడే కదా!

1935 మార్చిలో కుటుంబం మొత్తం మూటాముల్లె కట్టుకుని గ్రీసు దేశానికి పడమరగా ఉన్న కోర్ఫు దీవికి తరలిపోయింది. లేవదీసింది లారీయే. అప్పటికి వాడికి ఇరవై మూడేళ్ళు. గ్రీసులో బతుకు చవక. ఎండ ఉచితం.

ఇక్కడ సీరియల్ దాచిపెట్టిన సంగతొకటి ఉంది. లారీ ఒంటరిగా వెళ్ళలేదు. ఆ ఏడు జనవరిలోనే అతనికి పెళ్ళయింది! పెళ్ళికూతురు నాన్సీ మయర్స్. (హాలీవుడ్ దర్శకురాలు నాన్సీ మయర్స్ వేరు, కంగారుపడకండి.) లండన్‌లోని స్లేడ్ చిత్రకళాశాలలో చదువుకున్న అమ్మాయి. పొడగరి, అందగత్తె, తక్కువ మాట్లాడే మనిషి. కొత్తదంపతులు అత్తగారింట్లో ఎన్నాళ్ళని ఉంటారు? దీవి ఈశాన్యపు ఒడ్డున కలామీ అనే పల్లెలో, నీళ్ళని ఆనుకుని ఉన్న ఓ తెల్లటి ఇంట్లో గదులు అద్దెకి తీసుకున్నారు. తర్వాత దానిమీద ఓ అంతస్తు కూడా లేపించుకున్నారు. కిటికీ తీస్తే ఎదురుగా అల్బేనియా కొండలు. తల్లీ తమ్ముళ్ళూ చెల్లెలూ ఉన్నది మాత్రం పట్నం దగ్గరి బంగళాల్లో. మధ్య దూరం ముప్ఫై కిలోమీటర్లు ఉంటుంది. ఆ రోజుల్లో అదేం మాటలు కాదు.

రచయితగా లారీ అసలు ఎదుగుదల ఆ తెల్ల ఇంట్లోనే జరిగింది. పొద్దున్నే ఈత. కాస్త దూరంలో రాళ్ళమీద సెయింట్ ఆర్సేనియస్ పేరుతో ఓ చిన్న గుడి ఉంది. అక్కడ చెర్రీ పళ్ళు నీళ్ళలో పడేసి, మునిగి తీసుకొచ్చే ఆట ఆడేవాళ్ళు. ఆ తర్వాత రాత. సాయంత్రాలు థియొడోర్ స్టెఫనీడిస్ అనే డాక్టరుగారు వచ్చేవారు. సీరియల్లోనూ ఉంటాడు, గడ్డం పెట్టుకుని. ఆయన కూడా మన బొంబాయిలో పుట్టినవాడే (1896)! మొక్కలు, నక్షత్రాలు, సూక్ష్మజీవులు, గ్రీకు కవిత్వం... ఆయనకి తెలియనిది లేదు. చిన్నవాడు గెరాల్డ్‌ని జంతుశాస్త్రవేత్తని చేసినా, పెద్దవాడికి గ్రీసు రుచి చూపించినా ఆ డాక్టరుగారి చలవే చాలావరకు.

అతని మొదటి నవల 1935లోనే వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. రెండోది 1937లో వచ్చింది, అదీ చార్లెస్ నార్డెన్ అనే మారుపేరుతో. మొదటిది ఫ్లాపయిన హీరో పేరు పోస్టరు మీద చిన్నగా వేస్తారే, అలా అన్నమాట! ఈ లోపల 1935లోనే అతని చేతికో పుస్తకం దొరికింది. పారిస్‌లో ఉంటున్న అమెరికన్ రచయిత హెన్రీ మిల్లర్ రాసిన 'ట్రాపిక్ ఆఫ్ కాన్సర్'. బూతుపుస్తకమని అమెరికాలో, ఇంగ్లండులో నిషేధించిన నవల. అది చదివి లారీకి మతిపోయింది. వెంటనే అభిమాని ఉత్తరం రాశాడు. అక్కడ మొదలైన ఉత్తరాలు నలభై అయిదేళ్ళు, 1980లో మిల్లర్ పోయేదాకా, నడిచాయి.

ఇహ 'ది బ్లాక్ బుక్' సంగతి. కోర్ఫు ఎండలో కూర్చుని ఇంగ్లండు చీకటిని కడిగేసిన నవల అది. తనకంటూ ఓ గొంతు దొరికింది అందులోనే అని తర్వాత అతనే చెప్పుకున్నాడు. రాతప్రతి మిల్లర్‌కి పంపిస్తూ, చదివాక సీన్ నదిలో పారేయమన్నాడట. మిల్లర్ పారెయ్యలేదు సరికదా, కూర్చుని కాపీలు టైపు కొట్టి ప్రముఖులకి పంచాడు. మహాకవి టి.ఎస్. ఎలియట్ మెచ్చుకున్నాడు. లండన్ ప్రచురణకర్తలు మాత్రం ఘాటైన భాగాలు తీసేస్తే వేస్తామన్నారు. మన సెన్సారు కత్తెర గుర్తొస్తోందా? లారీ కాస్త మెత్తబడ్డాడు కూడా. ఇరవై అయిదేళ్ళ కుర్రాడు, పేరు రావాలని ఉండదా మరి! ఒక్క అక్షరం తియ్యొద్దని మిల్లర్ పట్టుబట్టాడు. చివరికి 1938లో పూర్తి పుస్తకం పారిస్‌లో అచ్చయింది. ఇంగ్లండులో రావడానికి 1973 దాకా ఆగాల్సి వచ్చింది.

పారిస్‌లో ఆ పుస్తకం వచ్చిన వరుసకి పెట్టుబడి పెట్టిందెవరో తెలుసా? నాన్సీ! ఆమెకి వారసత్వంగా వచ్చిన డబ్బు. మన భాషలో చెప్పాలంటే నిర్మాత ఆవిడే. టైటిల్స్‌లో పేరు లేని నిర్మాత.

1939 వేసవిలో మిల్లర్ స్వయంగా కోర్ఫు వచ్చాడు. ఆ సంబరం నెలలపాటు కూడా సాగలేదు. సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. అందరూ చెల్లాచెదురయ్యారు. లారీ, నాన్సీ గ్రీసులోనే ఉండిపోయారు. 1940లో కూతురు పెనెలొపీ పుట్టింది. 1941 ఏప్రిల్లో జర్మన్లు వచ్చిపడితే చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని పడవలో క్రీట్‌కి, అక్కణ్ణుంచి ఈజిప్టుకి పారిపోయారు. మరుసటేడు నాన్సీ పిల్లని తీసుకుని జెరూసలేం వెళ్ళింది. మళ్ళీ అతని దగ్గరికి రాలేదు. కోర్ఫులో ఆ కాపురం అంతా సవ్యంగా ఏం సాగలేదు. కోపం వస్తే లారీ నోరు మంచిది కాదు. నలుగురిలో భార్యని చిన్నబుచ్చే అలవాటుండేది.

ఒంటరిగా మిగిలిన లారీ ఈజిప్టులో కూర్చుని పోగొట్టుకున్న దీవిని తలుచుకుంటూ 'ప్రాస్పెరోస్ సెల్' రాశాడు (1945). చదివితే ఆ ఎండ మన వీపుకి తగులుతుంది. అందులో భార్య ఉంది. పేరు లేదు, 'ఎన్' అన్న ఒక్క అక్షరం తప్ప. అమ్మా చిన్న తమ్ముడూ దాదాపు కనిపించరు. పదకొండేళ్ళ తర్వాత తమ్ముడు గెరాల్డ్ 'మై ఫామిలీ అండ్ అదర్ ఏనిమల్స్' రాసి (1956) బదులు తీర్చుకున్నాడు కాబోలు. అన్నయ్యని తెచ్చి అమ్మ ఇంట్లో కూచోబెట్టాడు. వదినని పూర్తిగా లేపేశాడు! 1987లో బిబిసి సీరియల్, 2005లో ఇమెల్డా స్టాంటన్ తల్లిగా వచ్చిన చిత్రం, ఈ మధ్యటి సీరియల్ అన్నీ పట్టుకున్నది ఆ తమ్ముడి కథనే. తప్పని నేననను. కామెడీకి పెళ్ళికాని అన్నయ్యే బాగుంటాడు.

సినిమా లారీకి అచ్చిరాలేదు. సోఫియా లోరెన్ 'జుడిత్' (1966)కి కథ ఇచ్చాడు. జార్జ్ కుకర్ అంతటివాడు తీసిన 'జస్టిన్' (1969) చతికిలబడింది. ఆ రోజుల్లోనే ఇంకో తమాషా. మారిన వలసచట్టాల ప్రకారం, జలంధర్‌లో పుట్టిన ఈ ఆంగ్ల రచయిత ఇంగ్లండులో అడుగుపెట్టాలంటే అనుమతి అడగాల్సి వచ్చింది! 1990లో ఫ్రాన్సులో పోయాడు.

నాన్సీ మళ్ళీ పెళ్ళిచేసుకుంది, 1983లో పోయింది. రెండో పెళ్ళివల్ల పుట్టిన కూతురు జోఆనా హాడ్జ్‌కిన్ తల్లి కథని 2012లో 'అమెచ్యూర్స్ ఇన్ ఈడెన్' అనే పుస్తకంగా రాసింది. చదివినప్పట్నుంచీ నా మనసులో సినిమా ఆడుతూనే ఉంది. కలామీలో ఆ తెల్ల ఇల్లు ఇప్పటికీ అలాగే ఉంది, కింద భోజనహోటలు నడుపుతున్నారు. లొకేషను సిద్ధం. లారీ వేషానికి జోష్ ఓకానర్‌నే మళ్ళీ పిలవొచ్చు. నాన్సీ వేషానికి మాత్రం మాటలు తక్కువైనా కళ్ళతో నిలబెట్టగల పిల్ల కావాలి. మీకెవరైనా తడితే రాయండి.