పెంకు పఱచుటకు ముందు

మన పల్లెలయందు ఇల్లు కట్టు గృహస్థు పెంకుల విషయమున చూపు శ్రద్ధ పెంకులక్రింది పని విషయమున చూపడు. పెంకు ఎఱ్ఱగా కాలినదా, తట్టిన మ్రోగుచున్నదా, బండిలో ఎన్ని పగిలినవి అని విచారించును. పెంకులు దిగిన మఱునాడే కప్పు పూర్తి కావలెనని మేస్త్రిని తొందరపెట్టును. కప్పు నిండినపిమ్మట వీధిలో నిలిచి చూచి సంతోషించును. కాని ఆ కప్పు తరము నిలుచునా, నాలుగు వానకాలములకే వాసములు పుచ్చునా అను సంగతిని నిర్ణయించునది కంటికి కానవచ్చు పెంకు గాదు. పెంకుక్రింద పఱచిన పొరయు, కప్పుచుట్టు కట్టిన అంచును దానిని నిర్ణయించును. నేటి ప్రసంగమున ఆ రెండింటిని గూర్చియే మనవి చేసెదను.

ఇప్పుడు పల్లెలందును సిమెంటు శ్లాబు ఇండ్లు పెరిగినవి. అయినను కోనసీమయందును, ఉత్తరాంధ్రమునందును, మఱి పెక్కుచోట్లను పెంకుటిండ్లును, మండువా లోగిళ్లును, పాతబడులును, భజనమందిరములును నిలిచియున్నవి. వీనిలో కొన్నిటికి కుమ్మరి సారెపై చేసిన నాటుపెంకు ఉండును. కొన్నిటికి యంత్రముతో ఒత్తిన గాడిపెంకు ఉండును. ఈ రెండవదానినే మంగుళూరు పెంకనియు, మనవైపు పెక్కుచోట్ల బెంగుళూరు పెంకనియు అందురు. బాసెల్ మిషను వారు 1865లో మంగుళూరునందు దీనికి కార్ఖానా నెలకొల్పిరి. అక్కడి నేత్రావతీ గురుపుర నదుల బంకమన్ను దీనికి మిక్కిలి అనుకూలించెను. ఒక పెంకు అంచు మఱియొక పెంకు గాడిలో కుదురుకొనునట్లు చేయుటయే దీని ప్రత్యేకత. కొలతను బట్టి నూఱు చదరపుటడుగుల కప్పునకు ఇట్టి పెంకులు సుమారు 140 పట్టును.

గాడి కుదిరినది గదా, ఇక నీరెట్లు దిగునని తలచువారు పెక్కురు. నీరు దిగుటకు మూడు మార్గములు గలవు. మొదటిది, కాల్చిన మన్ను నీటిని పీల్చును. మంచి గాడిపెంకు సైతము ఒక దినమెల్ల నీట నానినచో తన బరువులో అయిదవ వంతువఱకు నీటిని త్రాగుట కలదు. రెండవది, వాన ఎల్లప్పుడును పైనుండి క్రిందికే ప్రవహింపదు. ఈదరగాలి బలముగా కొట్టునపుడు నీరు వాలునకు ఎదురెక్కి రెండు పెంకుల సందున దూరును. మూడవది, పెంకు ఎప్పుడు పగిలినదియు మనకు తెలియదు. కోతులు గంతులిడును, కొబ్బరికాయ రాలును, పిల్లి తఱిమిన ఎలుక పెంకును కదల్చును. పగిలిన పెంకు క్రిందినుండి కనబడదు. ఇంటిలో చుక్క పడినపుడు గాని గృహస్థు మేలుకొనడు.

ఇంటిలో పడిన చుక్క నష్టములలో చిన్నది. దానిక్రింద గిన్నె పెట్టవచ్చును. కంటబడని నీరే చెఱుపు చేయునది. అది వాసముమీద జాఱి, మేకు దిగిన చోట చేరి, అచ్చటి కొయ్యను మెత్తపఱచును. తడిసిన కొయ్యకు చెదలు త్వరగా పట్టును. ఎంత చేవగల తాటివాసమైనను గోడపై ఆనుచోట ఏటేట తడియుచుండిన అక్కడనే పుచ్చును. మట్టిగోడ ఇంట అపాయము మఱియు హెచ్చు. గోడతల నానినచో పైబరువు నిలుపజాలక ఒక రాత్రి కూలును. అప్పుడది నిద్రించువారిపై పడును. కనుక ఈ పని సొగసునకై చేయునది కాదు, ప్రాణరక్షణమునకై చేయునది.

మన పూర్వులు ఈ మర్మ మెఱుగనివారు కారు. నాటుపెంకు పఱచుటకు ముందు వాసములమీద వెదురుతడక గాని, తాటాకు గాని పఱచి, కొన్నియెడల దానిపై మెత్తని మట్టి మెత్తి, ఆపైన పెంకు పేర్చెడివారు. పెంకు మొదటి కాపు, ఆకు రెండవ కాపు. పెంకును దాటిన నీరు ఆకుమీదుగా చూరునకు పోయెడిది. కాని ఆకు కొలది యేండ్లకే శిథిలమగును. చెదలునకును నిప్పునకును లోబడును. గాడిపెంకు వచ్చినపిమ్మట ఆకును మానిరి. మానుట తప్పు కాదు. దానికి బదులు వేఱొకటి పఱవకుండుటయే తప్పు.

ఆ బదులేది? కలిగినవారు వాసములమీద పలుచని చెక్కపలకలు దగ్గరగా కొట్టి, వానిపై తారు పట్టించిన మందపు అట్టను పఱచుదురు. దీనిని అంగళ్లలో తారుఫెల్టు అని చుట్టలుగా అమ్ముదురు. పలకలకు వ్యయము చాలనివారు గట్టి వెదురుతడకమీద దానిని పఱవవచ్చును. తడకలో పైకి పొడుచుకొనివచ్చు ఈనెలు ముందుగా కోసివేయవలెను. లేనిచో అట్ట చిరుగును. కొందఱు మందమైన ప్లాస్టిక్ పట్టాను వాడుదురు. అదియు నీటిని ఆపును గాని, లోపలి ఆవిరినికూడ ఆపును. వంటయింటి ఆవిరి పైకిపోయి పట్టాక్రింద చెమర్చి, వాసములను లోపలినుండియే తడుపును. కనుక పట్టా పఱచినయింట చూరునొద్దను కొప్పునొద్దను గాలి పోవు సందు తప్పక యుండవలెను. తారట్టగాని పట్టాగాని ఎండకు పగులును. పఱచిన కొలది దినములలోనే పెంకు పడవలెను. తారు నిప్పంటుకొనునది. పొగగొట్టము కప్పును చీల్చుకొని పోవుచోట దానిని దూరముగా ఆపి, ఇనుపరేకు కట్టవలెను.

ఇక పఱచు విధము. చేపపొలుసును చూచిన ఈ విద్య యంతయు తెలియును. తలవైపు పొలుసు తోకవైపు పొలుసుమీద ఒఱగియుండును. అట్లే మొదటి చుట్టను చూరువెంట అడ్డముగా పఱచి, రెండవదాని క్రిందియంచు మొదటిదానిపై 4 అంగుళములు పడునట్లు పైకి పఱచుకొనుచు పోవలెను. ఒకే వరుసలో రెండు ముక్కలు కలియుచోట 6 అంగుళములు ఒకదానిమీద నొకటి ఉండవలెను. ఒక వరుస అతుకు మఱియొక వరుస అతుకునకు నేరుగా రాకుండ ఎడముగా నుంచవలెను. కొప్పునొద్ద ఒకవైపు అట్టను రెండవ వాలుమీదికి కనీసము 6 అంగుళములు మడవవలెను. కొప్పున గాలిసందు విడిచినచోట మాత్రము అట్టను సందుకు ఇరువైపుల ఆపి, పైన కొప్పుపెంకు ఆ సందును కప్పునట్లు చూడవలెను. పైనుండి పని మొదలిడి క్రిందికి వచ్చినచో ప్రతి అతుకును నీటికి తెఱచిన నోరగును.

ఇచ్చట పనివారు సాధారణముగా విడుచు మెట్టు ఒకటి గలదు. పెంకు నిలుచుటకు కప్పునకు అడ్డముగా సన్నని బద్దలు కొట్టుదురు, వీనినే రీపర్లందురు. వీనిని తారట్టమీదనే తిన్నగా కొట్టినచో ప్రతి రీపరును పొలముగట్టువలె నీటికి అడ్డుపడును. పెంకు దాటి దిగిన నీరు దానివెనుక నిలిచి, మేకురంధ్రముగుండ లోనికి దిగును. అందుచే మొదట వాసములవెంట, కొప్పునుండి చూరువఱకు, అరంగుళము మొదలు ముప్పాతిక అంగుళము మందముగల సన్నబద్దలు నిలువుగా కొట్టి, వానిపై రీపర్లు అడ్డముగా కొట్టవలెను. అప్పుడు అట్టకును రీపరునకును నడుమ కాలువవంటి సందు ఏర్పడి నీరు అడ్డులేక చూరునకు పోవును. ఆ సందున గాలియు ఆడును. వేసవిలో పెంకువేడి కొంత తగ్గును. దీనికగు కొయ్య స్వల్పము, ప్రయోజనము గొప్పది.

అంచులు నాలుగు విధములు: చూరు, ప్రక్కయంచు, లోపలిమూల, కొప్పు. చూరునొద్ద వాసముల కొనలకు ఒక పలకను కొట్టి, దానిపై మడిచిన జింకురేకును అమర్చవలెను. రేకు క్రిందియంచు పలకకు కొంచెము వెలుపలికి వంగియుండవలెను; అట్లుండిన నీటిచుక్క పలకవెంట వెనుకకు ప్రాకక నేలకు రాలును. ఈ రేకు తారట్టకు క్రింద నుండవలెను. ఏలయన, అట్టమీదుగా దిగిన నీరు రేకుమీదికి జాఱవలెను గాని రేకువెనుకకు పోరాదు. ప్రక్కయంచున, అనగా త్రికోణపుగోడ వెంట, రేకు అట్టమీద నుండవలెను. అచ్చట గాలివాన ప్రక్కనుండి కొట్టును గనుక అట్టయంచును రేకు పైనుండి అదిమి పట్టవలెను. చూరున రేకు క్రింద, ప్రక్కన రేకు మీద: ఈ యొక్క భేదము తెలిసిన మేస్త్రి పని తెలిసినవాడని నమ్మవచ్చును.

చూరునందు మఱొక సంగతి. పై వరుసల పెంకు తనక్రింది పెంకుమీద ఆనును. అట్టడుగు పెంకునకు క్రింద ఏమియు లేదు. కనుక అక్కడి మొదటి రీపరు, తక్కినవానికంటె ఒక పెంకుమందము ఎత్తుగా నుండవలెను. లేనిచో మొదటి వరుస క్రిందికి వ్రాలి, రెండవ వరుసతో గాడి కుదరదు. ఆ ఎత్తునకు వెనుక తారట్ట గుంటపడి నీరు నిలువకుండ ఏటవాలు కొయ్యముక్కను నింపవలెను.

లోపలిమూల మండువా లోగిళ్లకు ప్రాణస్థానము. రెండు వాలుల నీరును అక్కడ ఒక్కటై ప్రవహించును. కప్పులో వేఱుచోట పడు నీటికి ఇది పలురెట్లు. అచ్చట ముందుగా అట్టను రెండు పొరలుగా పఱచి, దానిపై దోనెవలె మడిచిన రేకును క్రిందినుండి పైకి, ప్రతివైపునను అడుగు వెడల్పునకు తగ్గకుండ అమర్చవలెను. దోనె నడుమ మేకు కొట్టరాదు, అంచులవెంటనే కొట్టవలెను. ఏటేట రాలుటాకులు తీసివేయనిచో ఎంత మంచి దోనెయు పొంగి లోనికి కాఱును.

ఇప్పుడు గాలిమాట. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను తాకిన తుపానును, 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్‌ను మఱచినవారు అరుదు. హుద్‌హుద్ తీరము దాటునపుడు గాలి గంటకు 170 మొదలు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. అట్టి గాలి కప్పును క్రిందికి త్రొక్కునని పలువురు తలంతురు. నిజమున కది చాలభాగమును పైకి పీల్చును. ఆ పీల్పు కప్పునడుమకంటె చూరున, ప్రక్కయంచున, మూలల, కొప్పున మిక్కిలి హెచ్చు. ఒక అంచుపెంకు లేచినచో గాలి ఆ సందున దూఱి, ప్రక్కపెంకులను వరుసగా లేపును. కాబట్టి అంచునందలి రెండు మూడు వరుసల పెంకులను తుప్పుపట్టని తీగెతో రీపరులకు కట్టవలెను. కొప్పుపెంకులను సున్నముగాని సిమెంటుగాని కలిపిన గచ్చుతో అదుకవలెను. రీపరు వాసమునకును, వాసము దూలమునకును, దూలము గోడకును గట్టిగా బిగింపబడియుండవలెను. గోడకు వెలుపల చూరు ఒకటిన్నర అడుగునకు మించకుండుట మేలు. వసారాకప్పును పెద్దకప్పునకు కొనసాగింపుగా గాక వేఱుగా కట్టుట ఉత్తమము. వసారా ఎగిరిపోయినను ఇల్లు నిలుచును. పెంకు లేచిపోయిన రాత్రి సైతము, గట్టిగా బిగించిన క్రిందిపొర తెల్లవాఱువఱకు ధాన్యమును, పసిబిడ్డలను తడియకుండ కాపాడవచ్చును.

ఈ పని యంతయు ఎండుదినములలో, తొలకరికి ముందే ముగియవలెను. మన తీరమునకు వైశాఖ జ్యేష్ఠములలోను, ఆశ్వయుజ కార్తికములలోను తుపానుభయము హెచ్చుగనుక సగము కప్పుతో ఆ దినములకు చేరుట ప్రమాదము.

ఊరి పెద్దలకు ఒక విన్నపము. బడికప్పు గాని, భజనమందిరపు కప్పు గాని, పేదవాని ఇంటికప్పు గాని మీ ఎదుట మరమ్మతగునపుడు పెంకు పడినపిమ్మట చూడబోవకుడు. అప్పుడు చూచుటకేమియు మిగులదు. అట్ట పఱచి, రీపరు కొట్టకముందు ఒకమాఱు పోయి చూడుడు. పట్టపగలు లోపల నిలిచి పైకి చూడుడు. గాలికై విడిచిన చోట దక్క వెలుగుచుక్క కానరాదు. కొప్పుకు దిగువనుండి నాలుగు బిందెల నీరు మెల్లగా పోయించుడు. అది చూరునుండి నేలకు రాలవలెను గాని గోడమీదికి రారాదు. లోపలిమూలలోను అట్లే పోయించుడు. చూరున రేకు అట్టక్రింద నున్నదా, ప్రక్కన అట్టమీద నున్నదా అని చేతితో తడిమి చూడుడు. తప్పు కనబడిన ఆనాడు దిద్దుటకు పూటపని చాలును. ఆ తప్పునే పెంకు కప్పినపిమ్మట దిద్దవలెనన్న కప్పంతయు విప్పవలెను.

ఇల్లలుకగానే పండుగ కాదని మనవారందురు. పెంకు ఎక్కగానే ఇల్లు కప్పినట్లు కాదు. పెంకు ఊరివారు చూచునది. క్రిందిపొరయు అంచును వాన చూచునవి. వాన మెచ్చిన కప్పే కప్పు.