కోలుకొనుచున్న మనసునకు ఇంటివారి తోడు

విషజ్వరము తగ్గి పథ్యము పుచ్చుకొనిన బిడ్డను మనము మెల్లగా పెరటిలో నడిపింతుము. ఇరుగుపొరుగువారు వచ్చి పలుకరించిపోవుదురు. కాని మనోవ్యాధికి చికిత్స పొంది ఇంటికి వచ్చిన కోడలి విషయమున మన నడవడి వేరు. ఆమెను వెనుకటి గదిలో నుంచెదము. చుట్టములు వచ్చినచో "పుట్టింటికి వెళ్లినది" అందుము. పేరంటమునకు ఆమెను తప్ప తక్కినవారినెల్ల వెంటబెట్టుకొని పోదుము. దేహమునకు వచ్చిన జబ్బునకు దయయు, మనసునకు వచ్చిన జబ్బునకు సిగ్గును! ఇది న్యాయమా యని సోదరీమణులు ఆలోచింపవలెనని మా మనవి.

వైద్యుడిచ్చిన మందు ముఖ్యము. దానిని ఇంటివారు తమంతట తాము మాన్పింపరాదు. అయినను మందు వ్యాధిని అణచును గాని, చెదరిన దినచర్యను తిరిగి కుదుర్పజాలదు. పైగా అట్టి మందులలో కొన్ని మగతను, స్థూలకాయమును కలిగించును. దినమెల్ల మంచము విడువకున్నచో ఆ బరువు మనసునకును సోకును. నడక మున్నగు వ్యాయామములు దిగులును, వ్యాకులతను తగ్గించునని అనేక పరిశోధనలవలన తేలినది. పెద్దలకు వారమునకు 150 నిమిషములకు తక్కువ కాకుండ మితమైన శ్రమ యుండవలెననియు, అంత చేయలేనివారికి కొంచెమైనను మేలే యనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. అనగా దినమునకు ఇంచుమించు 20 నిమిషములు. "పోయి నడిచి రా" అని పంపుటకంటె, "రా అమ్మా, కూరలు తెచ్చుకొందము" అని తోడు పోవుట మంచిది. అప్పుడు కాళ్లు కదలుటయే గాక, వీధిలో నలుగురి మొగములును కనబడును.

ఇది క్రొత్త మాట కాదు. బెల్జియము దేశమందలి గీల్ పట్టణమున మనోవ్యాధిగ్రస్తులను సామాన్య కుటుంబములవారు తమ యిండ్లలో నుంచుకొని, తమ పనిపాటలలో చేర్చుకొను ఆచారము అనేక శతాబ్దులుగా వచ్చుచున్నది. మన దేశమున అమృతసరములో డాక్టరు విద్యాసాగర్ 1950వ దశకమున ఆస్పత్రి ఆవరణములోనే డేరాలు వేయించి, బంధువులను రోగులతో గూడ నివసింపజేసిరి. వ్యాధి స్వభావమును వారికి బోధించిరి.

దీనికి విరుద్ధమైన త్రోవ ఎచ్చటికి పోవునో తమిళనాటి ఏర్వాడిలో తెలిసినది. అచ్చట 2001 ఆగస్టు 6వ తేదీన పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన రోగులు పారిపోలేక 25 మందికి పైగా మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగులను గొలుసులతో కట్టుటను నిషేధించి, సంఘములో నలుగురితోపాటు జీవించు హక్కు వారికి గలదని చెప్పినది. కాని పెండ్లి పంక్తిలో విస్తరి వేయుట చట్టమువలన అగునది కాదు. అది మన చేతిలోని పని.

ఇంటిలో మనము చేయదగినవి కొన్ని గలవు. ఆమెకు నిజముగా అక్కఱకు వచ్చు పని నొకదానిని అప్పగింపవలెను. చేసిన పనిని ఆమె యెదుటనే మరల దిద్దరాదు. అలసిన దినమున బలవంతపెట్టరాదు. ఆమె ఒకసారి కోపించినంతమాత్రమున జబ్బు తిరుగబెట్టినదని గుసగుసలాడరాదు. కోపము అందఱికిని వచ్చునదే. అయితే వరుసగా రాత్రులు నిద్రలేకపోయినను, అన్నము మానినను, చావును గూర్చి మాటలాడినను ఆలస్యము చేయక వైద్యునికి తెలుపవలెను. 2022లో ప్రభుత్వమువారు నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 అను సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా మాటలాడి, తెలుగులోనే సలహా పొందవచ్చును.

ఇక పొరుగువారి వంతు. వచ్చు శ్రావణమున పేరంటపు పిలుపులకు బయలుదేరునప్పుడు, మన వీధిలో తలుపు చేరవేసియుండు ఆ యింటికిని పోవుదము. అత్తగారితో చెప్పి వచ్చుట చాలదు. ఆ కోడలికే బొట్టు పెట్టి, ఆమెనే పేరుపెట్టి పిలిచి వత్తము.