ఇంటి గాదెలో పాటలు, మాటలు

రేడియోలో వినవచ్చిన మాట గాలిలో పుట్టి గాలిలోనే కలసిపోవునని మన పెద్దలు అనుకొనుచుండెడివారు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రసారములు ప్రారంభించిన తొలినాళ్లలో, ఒక నాటకమును వినదలచినవారు ఆ వేళకు రేడియో చెంత కూర్చుండవలసినదే. వేళ తప్పినచో నాటకము తప్పినట్లే. 1963లో ఫిలిప్స్ సంస్థవారు చిన్న టేపు క్యాసెట్టును వెలువరించిన తరువాత ఈ స్థితి క్రమముగా మారినది. పాటలను, పద్యములను, మన ఇంటివారి మాటలను సైతము దాచుకొనుట సామాన్య గృహస్థునకు సాధ్యమైనది.

ఆ క్యాసెట్లు నేడు అనేక గృహములలో బీరువాల అడుగున పడియున్నవి. టేపులకు బూజు పట్టుచున్నది. వాటిని పాడించు యంత్రములను బాగుచేయువారు అరుదైనారు. సెల్‌ఫోన్లలో తీసిన ఫోటోలు, పెండ్లి వీడియోలు, కొనుక్కున్న పాటలు ఒక్కొక్కటి ఒక్కొక్కచోట చెదరియున్నవి. వీటినన్నిటిని ఒకచోట చేర్చి, ఇంటిలోని ఏ గదినుండియైనను వినుటకు, చూచుటకు వీలు కల్పించు సాధన మొకటి కలదు. దాని అమరికను గూర్చియు, దానిని ఎంతవరకు నమ్మవలెనో ఆ సంగతిని గూర్చియు ఇచ్చట ముచ్చటింతము.

ఈ సాధనమును మనము నిల్వపెట్టె అని పిలుచుకొందము. అంగడివారు దీనిని ‘నాస్’ అని పొట్టిగా అందురు. చూచుటకు ఇది రెండు పెద్ద నిఘంటువులను ప్రక్కప్రక్కన నిలిపినంత ఉండును. నిజమునకు ఇదియు ఒక చిన్న కంప్యూటరే. తెరయు, మీటల పలకయు లేకపోవుటయే భేదము. లోపల హార్డ్ డిస్కులు ఉండును. ఒక తీగతో దీనిని ఇంటి రౌటరుకు తగిలించినచో, ఆ రౌటరుతో సంబంధము గల టెలివిజను, ఫోను, కంప్యూటరు అన్నియు దీనిలోని సరకును అందుకొనగలవు. పెన్‌డ్రైవును ఒకసారి ఒకచోటనే వాడగలము. ఇది పెరటిలోని గాదె వంటిది. ఎవరికి కావలసినది వారు కొలుచుకొనవచ్చును. మరియొక విశేషము: ఇంటిలోపలి పాట ఇంటిలో వినుటకు బయటి ఇంటర్నెట్టు అక్కరలేదు. వీధిలో తీగ తెగిన దినమునను గాదె తలుపు మూతపడదు.

గాదె ఎంత పెద్దది కావలెను? సి.డి. నాణ్యముతో నిలిపిన ధ్వని నిమిషమునకు సుమారు 10 మెగాబైట్లు పట్టును. అనగా 60 నిమిషముల క్యాసెట్టు ఒకటి సుమారు 600 మెగాబైట్లు. ఫ్లాక్ అను పద్ధతిలో కుదించినచో, ధ్వనిలో లవలేశమైనను నష్టపోకుండ, అది ఇంచుమించు సగమగును. ఈ లెక్కన నూరు క్యాసెట్లకు 30, 40 గిగాబైట్లు చాలును. 4 టెరాబైట్ల డిస్కులో అది నూరవ వంతు మాత్రమే. స్థలమును మ్రింగునవి వీడియోలు. 4 టెరాబైట్ల డిస్కు కొన్ని కంప్యూటరులలో 3.6 అని కనబడుట చూచి మోసపోయితిమని తలపరాదు. తయారీదారు వేయింటి లెక్కను కొలువగా, ఆ కంప్యూటరు 1024 లెక్కను కొలుచును, తేడా అంతయే.

రెండు డిస్కులు పట్టు పెట్టెను కొనుట మేలు. ఒకదానిపై వ్రాసినదానినెల్ల పెట్టె రెండవదానిపైనను వ్రాయును. దీనిని అద్దపు పద్ధతి అనవచ్చును. అనేక చౌక డిస్కులను జతపరచి ఒక నమ్మదగిన డిస్కుగా వాడవచ్చునని 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బర్క్‌లీ పండితులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఒక వ్యాసమున వాదించిరి. వారు వాడిన ‘రెయిడ్’ అను పేరే నేటికిని చెల్లుచున్నది. అద్దపు పద్ధతిలో రెండు 4 టెరాబైట్ల డిస్కులు పెట్టినచో మనకు దక్కు స్థలము 8 కాదు, 4 మాత్రమే. కాని ఒక డిస్కు చెడినను రెండవదానితో పని సాగును. చెడినదానిని తీసి క్రొత్తది పెట్టినచో, పెట్టె తనంతట తానే ప్రతిని తిరిగి వ్రాసికొనును.

పెట్టెను రౌటరు చెంత, గాలి ఆడుచోట ఉంచవలెను. మూసిన బీరువాలో వేడి నిలిచి డిస్కులకు చేటు కలుగును. కరెంటు హఠాత్తుగా పోవుట మరియొక శత్రువు. వ్రాయుచున్న పని నడుమ తెగిపోవును. చిన్న యు.పి.ఎస్. నొకదానిని అమర్చి, దాని యు.ఎస్.బి. తీగను గూడ పెట్టెకు తగిలించినచో, అట్టి సదుపాయము గల పెట్టె కరెంటు పోయిన సంగతి తెలిసికొని సక్రమముగా ఆగిపోవును. పూర్వము ఉరుములు వినబడగానే రేడియో ఏరియలును భూమికి కలిపి, ప్లగ్గు ఊడదీసెడి అలవాటు మన ఇండ్లలో ఉండెడిది. పెట్టెను ముందు సరిగా ఆపి, పిదప ప్లగ్గు తీయుటయను స్వల్పభేదముతో ఆ అలవాటు ఇచ్చటను పనికివచ్చును.

ఇక అమరిక. డిస్కులను గూళ్లలో బిగించి, ఈథర్‌నెట్ తీగతో పెట్టెను రౌటరుకు కలిపి, మీట నొక్కవలెను. అదే రౌటరుతో కలసియున్న కంప్యూటరులో బ్రౌజరు తెరచి, పెట్టెతో వచ్చిన కాగితములోని చిరునామాను వ్రాసినచో అమరిక పుట తెరచుకొనును. అందు అద్దపు పద్ధతిని ఎన్నుకొనవలెను. ఆ క్షణమున డిస్కులలో అంతకుముందున్నదంతయు చెరిగిపోవునని మరువరాదు. సంకేతపదము ఇతరుల ఊహకు అందనిదిగా ఉండవలెను.

రౌటరు ప్రతి పరికరమునకు ఇంటి నంబరువలె ఒక సంఖ్యను కేటాయించును. ఈ సంఖ్య అప్పుడప్పుడు మారుచుండును. మారిన దినమున టెలివిజను పాత గుమ్మమును తట్టి, లోపల ఎవరును లేరని చెప్పును. రౌటరు అమరికలో మన పెట్టెకు ఒక సంఖ్యను స్థిరముగా కేటాయించుట దీనికి విరుగుడు. పిమ్మట పెట్టెలో సంగీతము, చలనచిత్రములు, కుటుంబము అని మూడు అరలు ఏర్పరచవలెను. ఇంటిలోని ప్రతివారికిని వేరు వేరు పేర్లు, వేరు వేరు హక్కులు ఈయవచ్చును. టెలివిజనుకును పిల్లలకును చూచు హక్కు చాలును. మార్చు హక్కు, చెరుపు హక్కు ఒక్కరికే ఉండవలెను. ఈ మాట మేము ఏల నొక్కి చెప్పుచున్నామో కొంత సేపటికి తెలియును.

అరలలో సరకు పెట్టినంతమాత్రమున అది టెలివిజనులో ముచ్చటగా కనబడదు. మీడియా సర్వరు అను ప్రోగ్రామును పెట్టెలో ఎక్కించవలెను. ప్లెక్స్, జెల్లీఫిన్ అనునవి ప్రసిద్ధములు. 2018లో మొదలైన జెల్లీఫిన్ పూర్తిగా ఉచితము. ఈ ప్రోగ్రాము అరలను పరిశీలించి, పాటలను గాయకుల వారీగా, చిత్రములను పేర్ల వారీగా ఒక పట్టికగా తీర్చును. టెలివిజనులోను, ఫోనులోను తత్సంబంధమైన ఆప్‌ను ఎక్కించినచో ఆ పట్టిక మన కంటి యెదుట నిలుచును.

ఇచ్చట పలువురు తడబడు సంగతి యొకటి ఉన్నది. వీడియోలకు గూడ భాషలు కలవు. టెలివిజనుకు తెలియని భాషలో వీడియో ఉన్నచో, పెట్టె దుబాసీగా కూర్చుండి అప్పటికప్పుడు అనువదించి పంపవలెను. చిన్న పెట్టెలకు ఇది తలకు మించిన బరువు. బొమ్మ ఆగి ఆగి నడచును. అప్పుడు పెట్టె చెడినదని తలపరాదు. హెచ్.264 అను రీతిలో, ఎం.పి.4 ఫైలుగా వీడియోను దాచినచో దానిని గ్రహింపని టెలివిజను అరుదు. దుబాసీ అవసరమే కలుగదు. పాటకు దారి ఎంత ఇరుకైనను చాలును. పెద్ద చిత్రములకు మాత్రము, గోడలు దాటి వచ్చు వైఫై కంటె తీగ నమ్మదగినది.

పాత క్యాసెట్టును ఎక్కించుటకు ముందు టేపును ఒకసారి పూర్తిగా ముందుకును, వెనుకకును త్రిప్పవలెను. పాడించు యంత్రపు తలను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో తుడువవలెను. యంత్రమునుండి ఒక తీగను కంప్యూటరుకు తగిలించి, ఆడాసిటీ అను ఉచిత ప్రోగ్రాముతో ధ్వనిని పట్టవచ్చును. ధ్వని సూచిక ఎరుపును తాకకుండ చూడవలెను. అచ్చట విరిగిన ధ్వనిని పిమ్మట అతుకజాలము. ఫైలు పేరులో పాడినవారి పేరు, వరుస, సంవత్సరము ఉండవలెను. ‘టేపు 7’ అని వ్రాసినచో పది సంవత్సరముల తరువాత మనకే అర్థము కాదు.

ఇంతవరకు చెప్పినదంతయు మేమును చేసితిమి. మా నాయనమ్మగారు పాడిన మంగళహారతులు, లాలిపాటలు 1984లో పట్టిన మూడు క్యాసెట్లు మా ఇంట ఉండెడివి. వాటిని పెట్టెలో ఎక్కించి, పెట్టెలో భద్రముగా ఉన్నవి గదా, అందులోను రెండు డిస్కులలో ఉన్నవి గదాయని తలచి, అంటుకొనిపోవుచున్న ఆ టేపులను పారవేసితిమి. కొన్ని నెలలకు, అరలను సర్దుచు, ఒకే అర రెండుసార్లు వచ్చినదని భ్రమపడి దానిని మేమే చెరిపితిమి. అద్దము తన ధర్మము తాను నెరవేర్చినది. ఒక డిస్కులో చెరిగినది ఆ క్షణముననే రెండవదానిలోను చెరిగినది. మూడు నెలల పిమ్మట, ఇంట పెండ్లికి మంగళహారతి కావలసి వెదకినపుడుగాని మాకు సంగతి తెలియలేదు. కాకినాడలోనున్న మా చెల్లెలికి పూర్వమెప్పుడో పెన్‌డ్రైవులో పంపిన తొమ్మిది పాటలు మిగిలినవి. తక్కినవి లేవు. ఆ కంఠము ఇక రాదు.

తప్పు పెట్టెది కాదు. అద్దపు పద్ధతి డిస్కు చెడుటనుండి కాపాడును; అంతమాత్రమే. పొరపాటున చెరుపుటనుండి, దొంగనుండి, అగ్నినుండి, పిడుగునుండి అది కాపాడదు. ఈ భేదమును తెలియకపోవుటయే మా నష్టమునకు కారణము. కావున ఒక నియమము: దాచదలచిన ప్రతి వస్తువునకును మూడు ప్రతులు, రెండు వేరు సాధనములపై, అందొకటి వేరొక ఇంట. మొదటి ప్రతి పెట్టెలో ఉండును. నెలకొకసారి బయటి డిస్కుపై మరియొక ప్రతి తీసి, తీగ ఊడదీసి దాచవలెను. మూడవది మరియొక ఊరిలోని బంధువుల ఇంట ఉంచవలెను. చలనచిత్రములకు ఇంత శ్రమ అక్కరలేదు; అవి మరల దొరకును. ‘కుటుంబము’ అను అరకు మాత్రము తప్పదు. పెట్టెలో చెత్తబుట్ట సదుపాయమును, పూర్వస్థితిని గుర్తుంచుకొను స్నాప్‌షాట్ సదుపాయమును ఉన్నచో మొదటి దినముననే తెరచి ఉంచవలెను. ఆరు నెలలకొకసారి ఆ ప్రతులనుండి ఒక పాటను తీసి పాడించి చూడవలెను. విని చూడని ప్రతిని ప్రతియని నమ్మరాదు.

మరియొక హెచ్చరిక. ఊరినుండి గూడ ఇంటి పాట వినవచ్చునను ఆశతో పెట్టెను నేరుగా ఇంటర్నెట్టుకు తెరచి పెట్టరాదు. 2021 జూన్ మాసమున, అట్లు తెరచియున్న మై బుక్ లైవ్ అను పాత రకపు పెట్టెలు అనేకము, దూరమునుండి ఎవరో పంపిన ఆజ్ఞచే ఖాళీయైనవి. 2015 తరువాత వాటికి తయారీదారులనుండి సవరణలు అందియుండలేదు. మన పెట్టెకు సవరణలు వచ్చినపుడెల్ల ఎక్కించుకొనవలెను. రాకుండ పోయినపుడు దానిని ఇంటి గడప దాటనీయరాదు.

రైతు విత్తనపు వడ్లను తిండిగింజలతో కలిపి ఒకే గాదెలో పోయడు. కొంత వేరుగా కట్టి, వేరొకచోట దాచును. పాటలపెట్టెను కొను ప్రతి గృహస్థుడును ఆ రైతు బుద్ధిని గూడ తెచ్చుకొనవలెను. ఈ వారాంతమున బీరువా అడుగునున్న క్యాసెట్లను పైకి తీయుడు. వాటిలో ఎవరి కంఠమున్నదో వ్రాసిపెట్టుడు. పెట్టె కొనుటకు కొంత ఆలస్యమైనను కావచ్చును. ఎక్కించిన పిదప మాత్రము, మూడవ ప్రతి మరియొక ఇల్లు చేరువరకు ఏ టేపును పారవేయకుడు.