స్ఫటికంలో తేలే కుడి ఎడమల తగవు

కుడికాలి చెప్పు ఎడమకాలికి సరిపడదు. ఔషధాల్లోని అనేక అణువుల తీరూ ఇంతే. అవే పరమాణువులు, అవే బంధాలు ఉన్నా అద్దంలో ప్రతిబింబాల వలె కుడి, ఎడమ రూపాల్లో ఉంటాయి. వీటినే కైరల్ అణువులంటారు. శరీరంలో రెండింటి ప్రభావం వేరు కావచ్చు గనుక విడదీయక తప్పదు. చిక్కేమిటంటే, రెండూ ఒకే ఉష్ణోగ్రత వద్ద కరుగుతాయి, నీటిలోనూ ఒకే మేరకు కరుగుతాయి. మామూలు పద్ధతులకు అవి లొంగవు.

ఇక్కడ అక్కరకు వచ్చేది లవణం. మానసిక కుంగుబాటుకు వాడే వెన్లాఫాక్సిన్ అణువులో ఒక కార్బన్ స్థానంలో సిలికాన్‌ను ఉంచి, జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రైన్‌హోల్డ్ టాకె బృందం సిలా-వెన్లాఫాక్సిన్‌ను రూపొందించింది. 2006లో ఆ వివరాలు వెలువడ్డాయి. కుడి ఎడమలు కలిసిన ఆ పదార్థాన్ని విడదీసేందుకు ఒకే రూపం గల క్యాంఫర్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని వాడారు. హారతి కర్పూరానికి ఇది దగ్గరి చుట్టమే.

ఆమ్లం తన ప్రోటాన్‌ను ఔషధ అణువులోని నైట్రోజన్‌కు ఇస్తుంది. ఆ హైడ్రోజన్ ఇటు నైట్రోజన్‌ను అంటిపెట్టుకొనే అటు ఆమ్లపు ఆక్సిజన్‌ను ఆకర్షిస్తుంది. ఇదే హైడ్రోజన్ బంధం. కుడి ఆమ్లంతో కుడి అణువు ఒకలా, ఎడమ అణువు మరొకలా అమరుతాయి. ఈ రెండు లవణాలు ఇక ప్రతిబింబాలు కావు. అమరిక గట్టిగా కుదిరిన లవణం ద్రావణంలో తక్కువగా కరిగి, ముందుగా స్ఫటికమై అడుగున చేరుతుంది.

తర్వాత హైడ్రోక్లోరైడ్‌గా మార్చి, ఎక్స్-కిరణాలతో ఏది ఏ రూపమో తేల్చారు. బరువైన సిలికాన్, క్లోరిన్ పరమాణువులు ఈ గుర్తింపును సులభం చేస్తాయి. సిలికాన్ మార్పుతో మందు నడత కూడా మారింది. రెండు రూపాల్లో ఒకటైన ఆర్-రూపం సెరటోనిన్ కంటే నోరాడ్రినలిన్ పునఃశోషణనే ప్రధానంగా అడ్డుకుంది.

అసలు వెన్లాఫాక్సిన్ హైడ్రోక్లోరైడ్‌పై హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ పరిశోధన సాగింది. అధిక ఉష్ణోగ్రత వద్ద ఆ స్ఫటికం కరగకుండానే మరింత స్థిరమైన రూపంలోకి మారుతుందని అశ్విని నాంగియా బృందం 2007లో వెల్లడించింది. అణువు మారలేదు, లవణమూ మారలేదు, పేర్పు మాత్రమే మారింది. అయినా మాత్ర తయారుచేసేవారికి ఇది చిన్న విషయం కాదు. పేర్పు మారితే మందు కరిగే వేగం మారవచ్చు.